చిన్న ట్రాక్టరులో ఫోర్ వీల్ డ్రైవ్: గోదావరి డెల్టా చేలలో ఎక్కడ వేయాలి, ఎక్కడ తీయాలి

గోదావరి డెల్టాలో ట్రాక్టరు ఒక్క పూటలోనే మూడు రకాల నేలల మీద నడుస్తుంది. ఊళ్లో తారు రోడ్డు లేదా సిమెంటు రోడ్డు, ఊరు దాటాక కాలువ గట్టు మీదనో పుంత వెంటనో మట్టి దారి, ఆపైన పిక్కలు మునిగే దమ్ము. ఒక కమతంలో పని ముగియగానే అదే దారిన వెనుదిరిగి, రోడ్డెక్కి, మరో ఊరి ఆయకట్టుకు చేరుతుంది. కాలువలకు నీరు వదలినప్పటి నుంచి సార్వా నాట్లు ముగిసేవరకు, మళ్లీ డిసెంబరు, జనవరి నెలల్లో దాళ్వాకు చేలు సిద్ధం చేసేటప్పుడు ఈ రాకపోకలు రేయింబవళ్లు సాగుతాయి. రోజంతా ఒకే దుక్కి నేల మీద తిరిగే మెట్ట ప్రాంతపు ట్రాక్టరుకు ఈ పరిస్థితి లేదు.

మెత్తని నేలలో ఫోర్ వీల్ డ్రైవ్ వేయాలి, గట్టి నేల మీద తీయాలి అన్నది అందరూ చెప్పే సూత్రం. అందులో తప్పేమీ లేదు. అయితే మెత్తని నేల, గట్టి నేల పది గజాల ఎడంలో ఉండే చోట లివరును సరిగ్గా ఎక్కడ కదపాలో ఆ సూత్రం చెప్పదు. కోనసీమ కొబ్బరి తోటల్లోనూ, కడియం నర్సరీల్లోనూ, వరి చేలలోనూ తిరుగుతున్న 18 నుంచి 30 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టర్లలో ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవి అనేకం. వాటిని నడిపేవారిలో రెండు అలవాట్లు కనిపిస్తాయి. ఒకటి, సీజను మొదట్లో వేసిన లివరును సీజను చివరిదాకా తీయకపోవడం. రెండోది, ట్రాక్టరు దిగబడేవరకు లివరును ముట్టకపోవడం. మొదటిది ముందు యాక్సిల్‌ను, టైర్లను అరగదీస్తుంది. రెండోది యంత్రానికే కాక చేనుకూ, ఒక్కోసారి మనిషి ప్రాణానికీ ముప్పు తెస్తుంది.

లివరు వేస్తే లోపల జరిగేది

ఈ ట్రాక్టర్లలో వెనుక చక్రాలకు శక్తి ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. గేరుబాక్సు నుంచి ముందు యాక్సిల్‌కు పోయే మార్గంలో ఒక పళ్ల క్లచ్ ఉంటుంది. లివరు వేసినప్పుడు దాని పళ్లు ఒకదానిలో ఒకటి దిగి షాఫ్టు తిరుగుతుంది. ఆ శక్తి ముందు డిఫరెన్షియల్ ద్వారా, చక్రాల వద్దనున్న గేర్ల ద్వారా ముందు టైర్లకు చేరుతుంది. పళ్ల క్లచ్ పూర్తిగా కలిసి ఉంటుంది, లేదా పూర్తిగా విడిపోయి ఉంటుంది. మామూలు క్లచ్‌లా కొంచెం కొంచెంగా పట్టుకోవడం దానికి తెలియదు.

ఎడమ, కుడి చక్రాల మధ్య వేగ భేదాన్ని సర్దడానికి ప్రతి యాక్సిల్‌లోనూ ఒక డిఫరెన్షియల్ ఉంటుంది. ముందు యాక్సిల్‌కూ వెనుక యాక్సిల్‌కూ మధ్య భేదాన్ని సర్దడానికి కొన్ని ఫోర్ వీల్ డ్రైవ్ కార్లలో మూడో డిఫరెన్షియల్ కూడా ఉంటుంది. చిన్న ట్రాక్టరులో అది ఉండదు. అందువలన లివరు వేసిన తరువాత ముందు, వెనుక యాక్సిళ్ల మధ్య ఏ తేడా వచ్చినా దానిని సర్దవలసింది నేలే. బురదలో టైరు కొద్దిగా జారుతుంది, తేడా అక్కడే తీరిపోతుంది. సిమెంటు రోడ్డు మీద జారే వీలు లేక ఆ తేడా షాఫ్టులోనూ, గేర్లలోనూ, టైరు రబ్బరులోనూ బిగింపుగా పేరుకుంటుంది.

ఈ తేడా రెండు కారణాల వలన వస్తుంది. మొదటిది మలుపు. తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే పెద్ద వృత్తంలో నడుస్తాయి. స్టీరింగు 30 డిగ్రీలు తిప్పితే ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే సుమారు 15 శాతం ఎక్కువ దూరం పోవాలి. గేర్లు అందుకు ఒప్పుకోవు. ఫలితంగా ముందు టైర్లు ఈడ్చుకుపోతాయి, స్టీరింగు బరువెక్కుతుంది, మలుపు పెద్దదవుతుంది. రెండో కారణం నేరుగా నడిచేటప్పుడు కూడా ఉండేది. దానిని ముందు చక్రాల ముందంజ అనవచ్చు.

ముందంజను చేలోనే లెక్కించడం

ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే కొంచెం ఎక్కువ వేగంతో నడిచేలా తయారీదారులు గేర్ల నిష్పత్తిని కావాలనే ఏర్పాటు చేస్తారు. సాధారణంగా ఇది 1 నుంచి 5 శాతం వరకు ఉంటుంది. ముందు చక్రాలు లాగుతూ ఉంటేనే ట్రాక్టరు నిటారుగా పోతుంది, స్టీరింగు మాట వింటుంది. ముందంజ సున్నా కంటే తగ్గితే ముందు చక్రాలు లాగడం మాని వెనుక చక్రాలకు అడ్డుపడతాయి. అంటే ఫోర్ వీల్ డ్రైవ్ బ్రేకుగా మారుతుంది.

ఒక ఉదాహరణ తీసుకొందాం. వెనుక టైరు ఒక చుట్టుకు 3 మీటర్లు, ముందు టైరు ఒక చుట్టుకు 2 మీటర్లు నడుస్తుందనుకోవాలి. వెనుక చక్రం ఒక చుట్టు తిరిగితే ముందు చక్రం 1.53 చుట్లు తిరిగేలా గేర్లు ఉన్నాయి. వెనుక చక్రం 10 చుట్లకు 30 మీటర్లు పోతుంది. అదే సమయంలో ముందు చక్రం 15.3 చుట్లతో 30.6 మీటర్లు పోజూస్తుంది. ముందంజ 2 శాతం. ఇప్పుడు వెనుక టైర్ల కట్లు అరిగి చుట్టుకొలత 2 శాతం తగ్గితే ముందంజ 4 శాతం దాటుతుంది. ఆ స్థితిలో యజమాని ముందు టైర్లు మాత్రమే మార్చి, కొలతలో 2 శాతం పెద్దవి వేయించాడనుకోండి, ముందంజ 6 శాతానికి మించుతుంది. టైర్ల మీద ముద్రించిన సైజు ఒకటే అయినా కంపెనీని బట్టి, కట్టు ఎత్తును బట్టి నడిచే దూరంలో ఈపాటి తేడా రావడం వింత కాదు. కొత్త టైరు రెండు సీజన్లకే అరిగిందని వచ్చే ఫిర్యాదు వెనుక తరచు ఇదే ఉంటుంది.

ఈ లెక్కను విస్తరణ శాస్త్రవేత్తలు సుద్దముక్క, టేపు సాయంతో రైతుల ఎదుటే చేసి చూపవచ్చు. లివరు తీసి ఉంచి గట్టి, చదునైన నేల మీద వెనుక చక్రం 10 చుట్లు తిరిగేవరకు నడిపి, ముందు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించాలి. తరువాత వదులు నేల మీద లివరు వేసి అదే పని చేయాలి. రెండో లెక్కలోంచి మొదటి లెక్కను తీసివేసి, మొదటి లెక్కతో భాగించి, 100తో గుణిస్తే ముందంజ శాతం వస్తుంది. చుట్టులో పావు భాగాన్ని కూడా వదలకుండా గుర్తించడానికి చక్రం మీద నాలుగు గీతలు గీయడం మంచిది. టైర్లలో గాలి తయారీదారు చెప్పినంత లేకపోతే ఈ పరీక్షకు అర్థం లేదు.

కేజ్ వీల్స్ వచ్చిన చోట

డెల్టాలో దమ్ము అంటే కేజ్ వీల్స్ గుర్తుకు వస్తాయి. టైరు పక్కన బిగించే సగం కేజ్ వీల్ వ్యాసం టైరు కంటే తక్కువ. టైరు బురదలో దిగినప్పుడే అది నేలను అందుకుంటుంది కాబట్టి ముందంజ మీద దాని ప్రభావం స్వల్పం. టైరును పూర్తిగా తీసి, ఆ స్థానంలో వేసే పూర్తి ఇనుప చక్రం సంగతి వేరు. పై ఉదాహరణలోనే వెనుక టైరు స్థానంలో 6 శాతం పెద్ద చుట్టుకొలత గల ఇనుప చక్రం వేస్తే, 10 చుట్లకు వెనుక చక్రం 31.8 మీటర్లు పోవాలి. ముందు చక్రం మాత్రం 30.6 మీటర్ల దగ్గరే ఆగుతుంది. ముందంజ పోయి దాదాపు 4 శాతం వెనుకబాటు వచ్చింది. జారుడు ఎక్కువగా ఉండే దమ్ములో ఇది వెంటనే కనిపించదు. ట్రాక్టరు గట్టు దగ్గర గట్టి నేల తగిలినప్పుడు ఈడుస్తున్నట్టు అనిపించడం, ముందు చక్రాల ముందు బురద కుప్పగా పేరుకోవడం దాని గుర్తులు. గ్రామంలో కమ్మరి చేత చేయించిన ఇనుప చక్రాల వ్యాసాన్ని ట్రాక్టరు టైరుతో పోల్చి చూసేవారు అరుదు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న ట్రాక్టరుకు ఈ కొలత తప్పనిసరి. నేలలోకి దిగే పలకల లోతును కూడా లెక్కలోకి తీసుకోవాలి కాబట్టి, టేపుతో వ్యాసం కొలవడం కంటే దమ్ములోనే 10 చుట్ల దూరం కొలవడం నమ్మదగినది.

దమ్ములో లివరు వేసే సమయం

బుద్నీలోని కేంద్ర యంత్ర పరీక్షా సంస్థలో ట్రాక్టర్ల లాగుడు శక్తిని గట్టి పరీక్షా మార్గం మీద, చక్రపు జారుడు 15 శాతం మించకుండా కొలుస్తారు. మన దమ్ము చేలలో జారుడు ఆ హద్దును ఇట్టే దాటుతుంది. ఖాళీగా 10 చుట్లకు 30 మీటర్లు పోయే ట్రాక్టరు పనిలో 24 మీటర్లే పోయిందంటే జారుడు 20 శాతం. ఆ జారుడు కొంతవరకు బురదను కలపడానికి ఉపకరిస్తుంది. హద్దు దాటితే మాత్రం అదే చక్రం కింది నేలను తవ్వడం మొదలుపెడుతుంది.

వరి చేను కింద ఏళ్ల తరబడి దమ్ము వలన ఏర్పడిన గట్టి పొర ఉంటుంది. నీటిని నిలిపేదీ, ట్రాక్టరును మోసేదీ ఆ పొరే. ఒకేచోట గిర్రున తిరిగే చక్రం దానిని ఛేదిస్తుంది. గుంత పడిన ఆ చోటు మరుసటి ఏడాదికీ మెత్తగానే ఉండి, మళ్లీ అక్కడే ట్రాక్టరు దిగబడుతుంది. నీరు ఇంకిపోయే మార్గం కూడా అదే అవుతుంది. పశ్చిమ డెల్టాలోని బరువైన నల్ల ఒండ్రు నేలల్లో ఏటా ఒకే మూలన దిగబడే చేలను గురించి రైతులు చెప్పే మాటలకు కారణం చాలావరకు ఇదే.

చక్రం గిర్రున తిరుగుతుండగా లివరు వేయడం ఇంతకంటే చెడ్డది. అప్పుడు ముందు చక్రాలు ఆగి ఉంటాయి, వాటికి అనుసంధానమైన షాఫ్టూ ఆగి ఉంటుంది. గేరుబాక్సు వైపు పళ్లు మాత్రం వేగంగా తిరుగుతుంటాయి. ఆ రెండూ ఢీకొంటే పళ్ల అంచులు చిట్లుతాయి. చిట్లిన పళ్లు తరువాత లాగుడు పడగానే జారి విడిపోతాయి; ఫోర్ వీల్ డ్రైవ్ తనంతట తానే ఊడిపోతోందన్న ఫిర్యాదు ఇలా పుడుతుంది. గేరుబాక్సు విప్పితే తప్ప అది బాగుపడదు. నాట్ల రోజుల్లో ట్రాక్టరు వారం రోజులు మెకానిక్ షెడ్డులో ఉంటే అద్దె పనుల మీద బతికే యజమానికి ఆ సీజను పోయినట్టే.

కాబట్టి లివరు వేయవలసిన చోటు చేను కాదు. చేలోకి దిగే ముందున్న మట్టి వాలు. అక్కడ ట్రాక్టరును ఆపి, క్లచ్ పూర్తిగా తొక్కి, లివరు వేయాలి. పళ్లు ఎదురెదురుగా నిలిచి లివరు పడకపోతే బలవంతం చేయకుండా క్లచ్‌ను కాస్త వదిలి, ట్రాక్టరును జానెడు కదలనిచ్చి, మళ్లీ ఆపి ప్రయత్నించాలి. కొన్ని నమూనాల్లో నెమ్మదిగా కదులుతుండగా కూడా వేయవచ్చునని తయారీదారు పుస్తకం చెబుతుంది. అలా చెప్పినా చక్రాలు జారుతున్నప్పుడు వేయకూడదన్న నియమం మారదు.

రోటావేటరుతో దమ్ము చేసేటప్పుడు ఒక విశేషం గమనించదగినది. రోటావేటరు బ్లేడ్లు ట్రాక్టరు నడిచే దిశలోనే తిరుగుతూ దానిని ముందుకు నెడతాయి. అందువలన లాగుడు తక్కువగానే పడుతుంది, ఫోర్ వీల్ డ్రైవ్ లేకపోయినా పని సాగుతున్నట్టే ఉంటుంది. గట్టు దగ్గర తిరగడానికి రోటావేటరు ఎత్తగానే ఆ నెట్టుడు ఆగిపోతుంది, దాని బరువంతా వెనుక చక్రాల మీద పడుతుంది, ముందు భాగం తేలికవుతుంది. ట్రాక్టర్లు చేను నడిమధ్య కంటే గట్టు వార మలుపుల్లో ఎక్కువగా దిగబడడానికి కారణం ఇదే. మలుపు దగ్గర మాత్రమే లివరు వేసుకొంటాననడం సరికాదు. దమ్ములో ఉన్నంతసేపూ వేసే ఉంచాలి. మెత్తని బురదలో మలుపు వలన యాక్సిల్‌కు కలిగే ఒత్తిడి చాలా తక్కువ. ముందు బరువులు లేకుండా భారీ రోటావేటరు తగిలిస్తే ముందు టైర్లకు పట్టు ఉండదు, అప్పుడు లివరు వేసినా ప్రయోజనం అంతంతమాత్రమే.

డిఫరెన్షియల్ లాక్‌ను ఫోర్ వీల్ డ్రైవ్‌తో కలగలిపి మాట్లాడడం పరిపాటి. రెండూ వేరు. చాలా చిన్న ట్రాక్టర్లలో లాక్ వెనుక యాక్సిల్‌కే ఉంటుంది. ఒక వెనుక చక్రం మాత్రమే జారుతున్నప్పుడు రెండింటినీ కలిపి తిప్పడం దాని పని. చక్రాలు ఆగిన తరువాత తొక్కి, నిటారుగా పోయేటంతసేపే వాడి, మలుపుకు ముందే వదలాలి.

దిగబడిన తరువాత

దిగబడిన ట్రాక్టరును ముందుకే లాగాలన్న తొందరలో వెనుక చక్రాలకు కర్ర దుంగ కట్టి ఎక్సలేటరు తొక్కడం ఉభయ గోదావరి జిల్లాల్లోనే కాదు, వరి పండే అన్నిచోట్లా ఉన్న ప్రమాదకరమైన పద్ధతి. చక్రాలు తిరగలేకపోతే ఇంజను శక్తి ట్రాక్టరు శరీరాన్నే వెనుక యాక్సిల్ చుట్టూ తిప్పుతుంది. ముందు చక్రాలు లేచి, ఒకటి రెండు సెకన్లలోనే ట్రాక్టరు డ్రైవరు మీదకు వెనక్కు పడుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది కాబట్టి అలా జరగదని అనుకోవడం పొరపాటు. ముందు చక్రాలు నేలను వదిలిన క్షణం నుంచి వాటికి అందే శక్తి వృథా. పనిముట్టును దింపి, లేదా విప్పి, లివరు వేసి, తక్కువ గేరులో వెనుకకు తీయడానికి ప్రయత్నించాలి. అప్పటికీ రాకపోతే మరో ట్రాక్టరుతో, తాడును కింది హుక్కుకే కట్టి లాగించాలి.

రోడ్డెక్కే ముందు

లివరు తీయవలసిన చోటు రోడ్డు కాదు, రోడ్డుకు ముందున్న చివరి మట్టి భాగం. గట్టు ఎక్కడం పూర్తయి, నేల ఇంకా మెత్తగా ఉండగానే, చక్రాలు నిటారుగా ఉన్నప్పుడు ఆపి, క్లచ్ తొక్కి తీస్తే లివరు తేలికగా వస్తుంది. సిమెంటు రోడ్డు మీద మలుపు తిరిగిన తరువాత తీయబోతే బిగింపు వలన పళ్లు ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి. అప్పుడు కాలితో తన్ని తీయడం, సుత్తితో కొట్టడం చూస్తుంటాం. చేయవలసింది వేరు: స్టీరింగు నిటారుగా పెట్టి, ట్రాక్టరును ఒకటి రెండు మీటర్లు వెనుకకు నడిపితే బిగింపు సడలి లివరు దానంతట అదే వదులవుతుంది.

దీనికి మినహాయింపు ఒకటి ఉంది. అది గట్టు మీద నుంచి బరువైన ట్రక్కుతో దిగే వాలు. సాధారణంగా ట్రాక్టరు బ్రేకులు వెనుక చక్రాలకే పనిచేస్తాయి. లివరు వేసి ఉంటే షాఫ్టు ద్వారా ముందు చక్రాలకు కూడా నిరోధం అందుతుంది, ఇంజను బ్రేకింగు నాలుగు చక్రాలకూ పంచబడుతుంది. ధాన్యం బస్తాల ట్రక్కు వెనుక నుంచి నెడుతున్నప్పుడు ఇది విలువైన రక్షణ. వాలు పైననే ఆపి, లివరు వేసి, తక్కువ గేరులో, క్లచ్ తొక్కకుండా నిటారుగా దిగాలి. వాలు గట్టిదైనా కొద్ది దూరమే కాబట్టి యాక్సిల్‌కు కలిగే నష్టం లెక్కకు రాదు. వెనుక రోటావేటరుతో నిట్టనిలువు గట్టును ఎక్కవలసి వస్తే ముందుకు కాక వెనుకకు నడుపుతూ ఎక్కడమే క్షేమం.

కొబ్బరి తోటల్లో

కోనసీమ తోటల పరిస్థితి వేరు. సుమారు 8 మీటర్ల ఎడంలో నాటిన కొబ్బరి చెట్లు, మధ్యలో కోకో, అరటి. నేల వరి చేను కంటే గట్టిది, మలుపులు మాత్రం అడుగడుగునా ఉంటాయి. ఇక్కడ లివరు వేసే ఉంచితే మలుపు పెద్దదవుతుంది. దానిని చిన్నది చేయడానికి డ్రైవరు ఒకవైపు బ్రేకు తొక్కుతాడు. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ఉండగా ఒకవైపు బ్రేకుతో తిప్పితే వెనుక నుంచి వచ్చే శక్తి, ఈడ్చుకుపోయే ముందు టైర్ల నిరోధం రెండూ కలిసి ముందు యాక్సిల్ గేర్ల మీద పడతాయి. ఎండిన తోటలో లివరు తీసి నడపడం, వర్షం పడి నేల జారుతున్నప్పుడు వేసి పెద్ద మలుపులు తీసుకోవడం తగిన పద్ధతి. కొన్ని నమూనాల్లో పెద్ద మలుపులో ముందు చక్రాలను మరింత వేగంగా తిప్పే ఏర్పాటు ఉంటుంది. ఆ ఏర్పాటు మెత్తని నేలకే ఉద్దేశించింది, రోడ్డు మీద ప్రమాదకరం.

ముందు యాక్సిల్ సంరక్షణ

దమ్ములో ముందు యాక్సిల్ దాదాపు పూర్తిగా నీటిలోనే పనిచేస్తుంది. వరి గడ్డి, తోటల్లోనైతే కొబ్బరి పీచు షాఫ్టుకు చుట్టుకొని సీళ్లను కోస్తాయి. సీలు తెగితే ఆయిలు బయటకు కారడం ఒక్కటే జరగదు, బురద నీరు లోపలికి చేరుతుంది. ఆయిలు పాలలా తెల్లబడితే నీరు చేరినట్టే. ఆ ఆయిలుతో మరో రోజు నడిపినా బేరింగులు పాడవుతాయి. అంతర్వేది, అల్లవరం వైపు ఉప్పు నీటి ప్రభావం ఉన్న చేలలో నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. ప్రతి రోజు పని ముగిశాక మంచినీటితో కడిగి, చుట్టుకొన్న గడ్డిని చేత్తో తీసి, యాక్సిల్ రెండు చివరలా ఆయిలు తడి ఉందేమో చూడాలి. కడిగేటప్పుడు నీటి ధారను నేరుగా సీలు మీదకు కొట్టరాదు.

అద్దెకు తిరిగే ట్రాక్టర్లలో ఈ జాగ్రత్తలన్నీ యజమానికి కాక డ్రైవరుకు తెలియవలసినవి. ట్రాక్టరు కొన్నరోజున షోరూములో వివరణ వినేది యజమాని; దమ్ములో అర్ధరాత్రి లివరు పట్టుకొనేది మరొకరు. విస్తరణ కార్యక్రమాల్లో డ్రైవర్లను పిలిచి శిక్షణ ఇవ్వదలచినవారు నాట్లకు ముందు, కాలువలకు నీరు రాని మే నెలలో, పుంతకు ఆనుకొని మట్టి వాలు ఉన్న ఏదైనా చేను గట్టును ఎంచుకొంటే సరిపోతుంది. లివరు వేసే చోటు, తీసే చోటు రెండూ అక్కడే చూపించవచ్చు. సిమెంటు రోడ్డు మీద లివరు బిగుసుకోవడాన్ని, వెనుకకు నడపగానే వదులు కావడాన్ని డ్రైవర్ల చేతనే చేయించవచ్చు.